పళ్ళెంలో పాచిది పెట్టరు

బొమ్మల ప్రదర్శనలకి మమ్మల్ని పిలిచేవాళ్ళకి మేం దేనికి పనికొస్తామో ముందే తెలుసు. మర్హమా, నేను బంకా ద్వీపం వాళ్ళం కాబట్టి తగరం గురించి మాట్లాడాలి, డచ్చివాళ్ళ అన్యాయం గురించి మాట్లాడాలి, చివర్లో పాడైపోయిన సముద్రం ఒకటి చూపించాలి. ఏళ్ళ తరబడి ఇదే మా బతుకు. ఏ దేశం వెళ్ళినా గోడలు తెల్లగా ఉంటాయి, కాఫీ చేదుగా ఉంటుంది, ఎవరో ఒకరు కళ్ళు తుడుచుకుంటారు. ఆ తర్వాత అందరూ భోజనానికి వెళ్తారు. నాకు విసుగొచ్చేసింది. ఆ మాట మర్హమాతో అంటే, "విసుగు కూడా ఒక పనేనా అఖున్ అన్నా, లేచి కొలిమి వెలిగించు" అంటుంది.

మా ముత్తాతని చైనా నుంచి ఓడలో తెచ్చి తగరం గనిలోకి దింపారు. ఆ గని కింద పోయింది మర్హమా ముత్తాతల మిరియాల తోట. అందుకే మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీస్తే చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. నిజానికి మా మధ్య ఉన్న ఒప్పందం చాలా చిన్నది. ఆమె ఆలోచిస్తుంది, నేను లోహం కరిగించి పోత పోస్తాను. ఆమె ఆలోచనలు ఎప్పుడూ నా నడుము మీదే పడతాయి.

ఈసారి ఆలోచన ఒక పాత ఫొటోలోంచి పుట్టింది. హాలండులో ఒక మ్యూజియం గిడ్డంగిలో మర్హమాకి దొరికింది. గని కోసం నేల చూడటానికి వచ్చిన దొర ఒకడు మా వైపు మసీదు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన ముందు బారుగా పళ్ళేలు, వాటి మీద తాటాకు మూతలు. పండగొస్తే మా ఊళ్ళలో ఇంటికో పళ్ళెం మసీదుకి వెళ్తుంది. అందరూ మూతలు తీసి కలిసి తింటారు. నంగుంగ్ అంటారు దాన్ని. మా చీనావాళ్ళ ఇళ్ళ నుంచి కూడా పళ్ళో బిస్కట్లో ఒక పళ్ళెం వెళ్ళాల్సిందే. అలాంటి మర్యాద ఆ రోజు దొరకి జరిగింది. దొర కడుపునిండా తిని, చేతులు కడుక్కుని, తోటలు తవ్వించాడు.

"మళ్ళీ నంగుంగ్ పెడదాం" అంది మర్హమా. "అప్పుడు అన్నం పెట్టాం. ఇప్పుడు వాళ్ళు తిని వదిలేసిన ఎంగిలి పెడదాం. ఇంటికో పళ్ళెంలో ఇంట్లో మూలన పడున్న పాత తగరం. నువ్వు వాటన్నిటినీ కరిగించి పళ్ళేలుగా, మూతలుగా పోత పోస్తావు. అవి హాలండులో ఆ ఫొటో ముందు పెడతాం."

ఆలోచన బాగుంది. నాకు విసుగు ఉన్న మాట నిజమే గానీ మంచి ఆలోచన తెలియనంత మొద్దుని కాదు. పైగా ఆమెకి కావలసింది బొమ్మ ఒక్కటే కాదు. ఆమె సొంతూరు ఆయర్ రుంబియా. దాని వెనక ఒక గుట్ట, గుట్ట మీద అడవి, ఆ అడవిలోంచి వచ్చే వాగు ఉన్నాయి. మ్యూజియం వల్ల నాలుగు పత్రికల్లో పేరొస్తే, ఆ పేరు పట్టుకుని గుట్టనీ వాగునీ ఊరి అడవిగా సర్కారు చేత రాయించాలని ఆమె పట్టుదల. జిల్లా ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టుకుంది. ఇంకొక్క సంతకం మిగిలింది.

ఆ ఊరి చుట్టూ తవ్వి వదిలేసిన గుంటలే. వాటిల్లో నీళ్ళు నీలంగా మెరుస్తూ ఫొటోలకి బాగుంటాయి, నోట్లో పోసుకుంటే ఇనుము రుచి. ఊరు తాగేది ఒక్క ఆ వాగు నీళ్ళే. వాగు అడుగున కూడా నల్ల ఇసకగా తగరం ఉందని, అదీ చెయ్యి పెడితే తగిలేంత పైన ఉందని పసిపిల్లలకి సైతం తెలుసు. డచ్చివాళ్ళు పోయారు. తర్వాత కంపెనీలొచ్చి పోయాయి. ఆ తర్వాత డీజిల్ పంపులు పట్టుకుని మనవాళ్ళే దిగారు, నేల అయిపోతే సముద్రం అడుగు కూడా తోడేశారు. వాగు మాత్రం అలాగే ఉంది. దానికి కంచె లేదు, కాగితం లేదు. మస్నా అమ్మమ్మ ఉంది.

మస్నా అమ్మమ్మ మర్హమా తల్లికి తల్లి. పంపులవాళ్ళు ఊరి పెద్ద సర్బినిని పట్టుకుని సభ పెట్టించిన ప్రతిసారీ ఈవిడ వచ్చి ముందు వరసలో కూర్చుంటుంది. అందరూ మాట్లాడి అలిసిపోయేదాకా ఆగి, "మా అమ్మ ఆ ఇసకలో చెయ్యి పెట్టలేదు. నేనూ పెట్టలేదు. నాకు ఆకలి లేకనా?" అంటుంది. జపానువాళ్ళు ఏలిన కరువు కాలంలో అడవి గడ్డలు తిని బతికిన మనిషి ఆ మాటంటే ఎవరికీ ఎదురు చెప్పడానికి నోరు రాదు. సర్బిని గొంతు సవరించుకుని సభ ముగిసిందంటాడు. పంపులు లారీ ఎక్కి వెళ్ళిపోతాయి. నేను రెండు సభలు చూశాను. మేం దేశదేశాలు తిరిగి చేసిన ప్రదర్శనలన్నీ కలిపినా ఆవిడ ఒక్క మాట చేసినంత పని చెయ్యలేదు.

ప్రవక్త పుట్టినరోజు మౌలిద్ పండగకి ముందు శుక్రవారం నమాజు అయ్యాక మర్హమా మసీదు ఆవరణలో అందరికీ చెప్పింది. అన్నం పళ్ళెం ఎలాగూ తెస్తారు, దాంతో పాటు ఇంకో పళ్ళెంలో తగరం తెండి అంది. తాతలనాటి దీపం బుడ్డి, వలకి కట్టే గుండు, విరిగిన గిన్నె, ఏదైనా సరే అంది.

"ఎంతుండాలేంటి?" అని అడిగింది లేలా. మర్హమా వాళ్ళ పక్కింటావిడ, చేప అప్పడాలు వేయించి అమ్ముతుంది.

"ఎంతైనా పర్లేదు పిన్నీ. చిటికెడున్నా చాలు."

"చిటికెడంట" అని లేలా వెనక్కి తిరిగి ఆడవాళ్ళకి చెప్పింది. అందరూ నవ్వారు. "ఆ హాలండు మనిషి కూడా వస్తుందా?"

"వస్తుంది. హన్నెకే అని, మ్యూజియం తరఫున. కెమెరా కూడా తెస్తుంది."

"అయితే ఇంక నువ్వు మాకు చెప్పాలా తల్లీ. మేం చూసుకుంటాంగా."

చూసుకుంటాం అన్నాక మేం నిశ్చింతగా పట్నం వచ్చేశాం. నేను కొలిమి కట్టే పనిలో పడ్డాను. మర్హమా ఒకపక్క జిల్లా ఆఫీసులో ఆ చివరి సంతకం కోసం బెంచీ మీద కూర్చోవడం, ఇంకోపక్క హన్నెకేని తీసుకురావడానికి విమానాశ్రయానికి పరిగెత్తడం. ఊరివైపు మళ్ళీ వెళ్ళింది పండగ పొద్దున్నే.

మగవాళ్ళు పళ్ళేలు భుజం ఎత్తున అరచేతి మీద మోసుకుంటూ వస్తున్నారు. ఎర్రటి మూతలు బారుగా ఊగుతూ రావడం చూస్తే నాకు కూడా, ఎంత విసుగు మనిషినైనా, ప్రాణం లేచొచ్చింది. వరండాలో రెండు వరసలు పెట్టారు. ఒకటి అన్నానికి, ఒకటి తగరానికి. హన్నెకే తలకి గుడ్డ కట్టుకుని కెమెరా పట్టుకుని గోడవారగా నిలబడింది. దువా చదవడం అయింది. మూతలు తీశారు.

మొదటి పళ్ళెంలో నల్ల ఇసక. శుభ్రంగా కడిగి, అన్నం వడ్డించినట్టు కుప్పగా పోసి, పైన మందారం పెట్టి ఉంది. రెండో పళ్ళెంలోనూ ఇసకే. దాన్ని ఎవరో గిన్నెలో నొక్కి బోర్లించి చుట్టూ ఎర్ర మిరపకాయలు పేర్చారు. ఆ పక్కదీ ఇసకే, ఆ పక్కదీ ఇసకే. కొన్నింట్లో తడి కూడా ఆరలేదు. వరస చివరిదాకా చూశాను. ఒక్క దీపం బుడ్డి లేదు, ఒక్క వల గుండు లేదు.

ఆ రంగు, ఆ మెరుపు చూడగానే అది ఎక్కడిదో నాకు అర్థమైంది. పంపుతో తోడిన ఇసక ఇంత నున్నగా ఉండదు. మర్హమా మొహం చూశాను. నెత్తురు చుక్క లేదు.

"పిన్నీ, ఇది ఎక్కడిది?" అని అడిగింది నెమ్మదిగా.

"వాగుదే. ఇంత మంచిది ఇంకెక్కడ దొరుకుద్ది?" అంది లేలా.

"నేను ఇంట్లో ఉన్నది తెమ్మన్నాను కదా."

"ఇంట్లో ఏముంది, సొట్టపోయిన బుడ్డి. అది పెట్టి తేనా? నంగుంగ్ పళ్ళెంలో పాచిది ఎవరన్నా పెడతారటే? పొద్దున వండింది పొద్దునే పెట్టాలి. పాతసామాను తెచ్చిందని నన్ను ఊరంతా ఆడిపోసుకోరూ? అదీ పైదేశపు మనిషి ముందు."

"చిటికెడు చాలన్నాను."

"నువ్వంటావు, మర్యాదకి. చిటికెడు పెట్టుకొస్తే మాకు మొహం చెల్లాలి కదా."

మర్హమా ఆలోచనంతా నిలబడింది ఎంగిలి మీద. ఈ ఊరు ఎంగిలి పళ్ళెంలో పెట్టదు, చచ్చినా పెట్టదు. ఇక్కడే పుట్టి, ఈ పళ్ళేల్లో తిని పెరిగిన పిల్ల ఈ సంగతి మర్చిపోయింది. తెల్లగోడల మధ్య మాట్లాడి మాట్లాడి, ఎవరితో ఏ మాట ఎలా చెప్పాలో మర్చిపోయింది. నేనూ మర్చిపోయాను.

"అమ్మమ్మ ఊరుకుందా?" అంది చివరికి.

"ఊరుకోవడమేంటి? దగ్గరుండి తీయించింది."

మస్నా అమ్మమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి లేచి, కర్ర పట్టుకుని, నిదానంగా వచ్చింది. మొహం వెలిగిపోతోంది. వరస మొదట్లో ఉన్న అన్నిటికన్నా పెద్ద పళ్ళెం ఆవిడదే.

"అమ్ముకోడానికి కాదు గదే, పండక్కి" అంది మనవరాలి చెయ్యి పట్టుకుని. "పంపు పెట్టనియ్యలేదు. పార కూడా వద్దన్నాను. చేత్తోనే. ఇంటికో పళ్ళెం, ఆపైన ఒక్క దోసెడు ముట్టుకోనివ్వలేదు. ముందు నేనే దిగి తీశాను, నన్ను చూసి అందరూ తీశారు. నా మనవరాలు మనిషిని పిలుచుకొచ్చి కూర్చోబెడితే దాని పళ్ళేలు వెలితిగా ఉంటాయా? చాలుద్దా తల్లీ?"

జీవితమంతా వద్దు వద్దని కాపాడిన దాన్ని మనవరాలి పరువు కోసం తన చేత్తో తీసింది. ఆ మనిషికి ఏం చెప్తాం? నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

"చాలు అమ్మమ్మా" అంది మర్హమా. "చాలా బాగుంది."

తర్వాత అన్నం వరస మూతలు తీశారు. పసుపు వేసిన చేపల పులుసు, అనాసపండు ముక్కలతో. నాకు ప్రాణం అది. ఆ రోజు రెండోసారి వేయించుకోలేదు. హన్నెకే మా మధ్య కూర్చుంది. విషయం మర్హమా ఆమెకి చెప్పింది. హన్నెకే మంచిదే, నిజంగానే బాధపడింది. కానీ, "ఒక్కమాట అంటే తప్పుగా అనుకోకు. దీంతో నీ పని ఇంకా బలంగా మారింది" అంది. పులుసు ఇంకొంచెం వేసుకోమని గరిటె ఆమె పళ్ళెం మీద పెట్టాను. అంతకుమించి నేను నోరు తెరిస్తే పండగ పాడయ్యేది.

ఇసక వెనక్కి ఇచ్చేద్దామని చూశాం. నిండుగా వచ్చిన పళ్ళెం నిండుగానే ఇంటికి పోతే ఆ ఇంటికి అరిష్టమని ఒక్కళ్ళూ తీసుకోలేదు. గోనెసంచుల్లో ఎత్తించాం. మర్నాడు మేమిద్దరమే మోసుకెళ్ళి వాగులో పోసేద్దామంది మర్హమా. చేత్తో తీసిందే కదా, మోకాలి లోతే కదా, ఒక వానాకాలం గడిస్తే వాగు తేరుకుంటుందని నేనూ అన్నాను. నమ్మే అన్నాను.

మర్నాడు సంచులు మోపెడ్ మీద వేసుకుని గుట్ట ఎక్కాం. నీళ్ళు పాలలా తెల్లబారి ఉన్నాయి. ఒడ్డు పొడుగునా పాదాల గుర్తులు, పెరికి పడేసిన వేళ్ళు. అది మేం అనుకున్నదే. అనుకోనిది ఇంకొకటుంది. మాకు తెలియని మనుషులు ముగ్గురు ప్యాంట్లు మడుచుకుని వాగులో నిలబడి, చెక్క పళ్ళెంలో ఇసక జల్లించి, ఎండకి పట్టి చూస్తున్నారు.

"ఎవరు మీరు?" అన్నాను.

"మీరే కదా ఆర్టిస్టులు?" అన్నాడు అందులో ఒకడు నవ్వుతూ, ఫోన్ తీసి చూపించాడు. మందారం పెట్టిన ఇసక కుప్ప. ఆ ఫొటో పండగనాడే ఊళ్ళో ఎవరో ఫోన్లో పెట్టారు, అప్పటికే ద్వీపమంతా తిరిగొచ్చింది. "చేత్తో తీస్తేనే ఇంత నాణ్యం ఉంటే ఇంక కింద ఎంతుందో. మంచి పని చేశారన్నా. ఇన్నేళ్ళు ముసలావిడ చూడనివ్వలేదు."

మర్హమా సంచి అక్కడే దింపింది. దాన్ని వాగులో పొయ్యలేదు, వెనక్కీ తీసుకోలేదు. ఒడ్డున కూర్చుండిపోయింది.

సభ ఆ వారంలోనే పెట్టారు. ఎప్పుడూ పెట్టే చోటే, పంచాయితీ షెడ్డులో. పంపులవాళ్ళు పక్కన బెంచీ మీద మర్యాదగా కూర్చున్నారు. ఎప్పటిలా అందరూ మాట్లాడారు. చేపలు లేవన్నారు, మిరియాల ధర పడిపోయిందన్నారు, మనం తియ్యకపోతే పక్కూరివాళ్ళు రాత్రికి రాత్రి తీసుకుపోతారన్నారు. అంతా అయ్యాక సర్బిని ముందు వరస వైపు తిరిగాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు. తల దించుకుని మాట్లాడాడు. ఆయనకీ కష్టంగానే ఉంది.

"మస్నమ్మా, మీరు పెద్దవారు. మీరు కాదంటే ఇవాళ కూడా కాదే. చెప్పండి."

షెడ్డంతా ఆవిడ వైపు చూసింది. మస్నా అమ్మమ్మ నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. ఇన్నేళ్ళూ చెప్పిన మాటే చెప్పబోయిందని నాకు తెలుసు, అందరికీ తెలుసు. కానీ ఆ మాట ఇంక నిజం కాదు. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయింది.

మర్హమా లేచింది. "తప్పు నాది" అంది. "అమ్మమ్మది కాదు. మీరు నా కోసం తీశారు. నేను అడక్కపోతే ఎవరూ దిగేవాళ్ళు కాదు. ఆ ఒక్కసారికీ నన్ను తిట్టండి, ఏమైనా అనండి, ఇంతటితో ఆపండి. సంతకం ఒక్కటే మిగిలింది. అది పడిందంటే వాగు మనదే, మన పిల్లలదే."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. లేలా వెనక నుంచి లేచి నిలబడింది. ఆవిడ మొహంలో కోపం లేదు, ఎగతాళి లేదు. ఇంటిపిల్లకి నచ్చచెప్తున్నట్టే చెప్పింది.

"నిన్నెవరు తప్పుపట్టారే? నువ్వడిగావు, ఇచ్చాం, సంతోషంగా ఇచ్చాం. నీ పని జరిగింది. నీకు పేరొస్తే మాకూ గొప్పే. మరి మా పనులు జరగొద్దూ? పెద్దోడి పెళ్ళి నాకు ఎదురుగా ఉంది. పండక్కి పనికొచ్చింది పెళ్ళికి పనికిరాదా? హాలండుకి పంపొచ్చు గానీ మేం అమ్ముకోకూడదా? నువ్వే చెప్పు, చదువుకున్నదానివి."

ఎన్ని దేశాల్లో ఎన్ని ప్రశ్నలకి జవాబులు చెప్పామో, ఆ ఒక్కదానికీ మా ఇద్దరికీ నోరు పెగల్లేదు. మర్హమా కూర్చుంది. పంపులకి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నాడు సర్బిని. ముందు కొన్ని, తర్వాత దాదాపు అన్నీ లేచాయి. లేలా ఎత్తలేక ఎత్తినట్టు ఎత్తింది. మస్నా అమ్మమ్మ ఎత్తలేదు. వద్దని కూడా అనలేదు.

అంతా లేచి వెళ్ళిపోయాక ఆవిడ మనవరాలి భుజం పట్టుకుని నిలబడింది.

"నీ మాట పోకూడదనుకున్నానే" అంది. "అంతకన్నా ఏమనుకోలేదు."

"తెలుసు అమ్మమ్మా."

"ఇంటికి తీసుకెళ్ళు."

ఇంటికి వాగు పక్క కాలిబాటే దగ్గర దారి. ఆవిడ ఆ మలుపు దగ్గర ఆగి, కర్రతో రోడ్డు వైపు చూపించింది. ఎండలో, రోడ్డంట, చుట్టు తిరిగి నడిచాం.